నాంపల్లి ఎండలో కారవాన్‌ను చల్లబరిచిన పూట

మా వదిన సులోచన మూడేళ్ళుగా ఎండాకాలంలో ఇల్లు కదలలేదు. ఆమె మా ఆయన రవీందర్‌కు అక్క, హనుమకొండలో మాతోనే ఉంటుంది. ఆమెకున్న నరాల జబ్బు చల్లటి రోజుల్లో పెద్దగా ఇబ్బంది పెట్టదు, నెమ్మదిగానైనా నడుస్తుంది, తన పని తాను చేసుకుంటుంది. ఒంట్లో వేడి చేరిందంటే మాత్రం మొదట కుడిచెయ్యి పట్టు తప్పుతుంది, తరువాత కాళ్ళు. అందుకే మార్చి వచ్చిందంటే ఆమె ఏసీ గది వదలదు. అలాంటి మనిషి ఈసారి మే నెలలో హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్తానని పట్టుబట్టింది. పెళ్ళికూతురు తల్లి విజయక్క, వదిన చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. "దాని బిడ్డ పెండ్లికి పోకుంటే ఇంక దేనికి పోతనే లతా?" అని వదిన అడిగాక, ఎలా తీసుకెళ్ళాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

పెళ్ళి నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో. కారులో తీసుకెళ్ళవచ్చు, కానీ అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండాలి, మధ్యలో ఆమె పడుకోవాలి. పెళ్ళికూతురి గది మేడ మీద ఉంది, లిఫ్టు లేదు. హోటల్లో దిగితే ఎక్కడం దిగడంతోనే ఆమె అలసిపోతుంది. చివరికి రవీందర్ కారవాన్ మాట ఎత్తాడు. మంచం, బాత్రూము, చిన్న వంటగది, ఏసీ ఉన్న పెద్ద బండి, చూడటానికి మినీబస్సంత ఉంటుంది. కిరాయి రోజుకు పద్నాలుగు వేలు, డీజిల్ మనదే. డ్రైవర్‌గా బండి కిరాయికిచ్చేవాళ్ళ మనిషి మల్లేశే వస్తాడు. ఇలాంటి అవసరంతో బండి తీసుకోవాలనుకునే వాళ్ళ కోసమే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ఇంకా చీకటిగా ఉండగానే హనుమకొండ నుంచి బయలుదేరాం. చల్లటి వేళలో బయలుదేరడం మంచిదని మల్లేశే చెప్పాడు. బండి ఒకసారి వేడెక్కాక చల్లబరచడం కంటే, చల్లగా ఉన్నదాన్ని అలాగే కాపాడుకోవడం సులువట. దారిలో భువనగిరి దాటాక ఒకచోట ఆగి ఇడ్లీలు కట్టించుకున్నాం, బండిలో పొయ్యి వెలిగించలేదు. ఉప్పల్, అంబర్‌పేట, నారాయణగూడ మీదుగా బషీర్‌బాగ్ చౌరస్తాకు వచ్చేసరికి ఎనిమిది కావచ్చింది. అప్పటికే రోడ్లు నిండిపోయాయి. వదిన కిటికీ పక్కన కూర్చుని ఆబిడ్స్ దుకాణాల బోర్డులన్నీ ఒక్కటొక్కటిగా చదివింది. మూతపడిన ఒక చెప్పుల షాపు చూపించి, "గీడ విజయ నాతోని ఒక్క జత కోసం మూడు గంటలు తిప్పింది" అని నవ్వింది. నాకు బండి కిరాయి మొత్తం అప్పుడే గిట్టుబాటైనట్టు అనిపించింది.

హాలు దగ్గరికి వెళ్ళాక మా లెక్క తప్పింది. ఫోన్లో మాట్లాడినప్పుడు వేపచెట్టు కింద చోటు ఇస్తామన్నారు. వచ్చి చూస్తే అక్కడ వంటవాళ్ళ పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు సర్దేసి ఉన్నాయి. వాళ్ళను కదపడం కుదరదు, మాకు ఆవరణ మధ్యలో సిమెంటు నేల మీద చోటు దొరికింది. కరెంటు మాత్రం అన్న మాట ప్రకారం ఇచ్చారు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ బండ్లలో ఇంజను నడుస్తున్నప్పుడు వచ్చే చల్లగాలి డ్రైవర్ ముందువరకే. వెనుక గదికి పైకప్పు మీద వేరే ఏసీ ఉంటుంది. అది బయటి కరెంటు మీద గానీ, బండిలోని బ్యాటరీల మీద గానీ నడవాలి. బ్యాటరీల మీదైతే గంట, గంటన్నర కంటే ఎక్కువ రాదు.

"ముంగటి అద్దంతోనే పరేశాని మేడం," అన్నాడు మల్లేశ్. "గంత పెద్ద అద్దంకెల్లి ఎండంత లోపటికొస్తది. బయటికెల్లి కప్పాలె. ఆ కవరు మావోళ్ళు ఏయలే." వదినను మంచం మీద పడుకోబెట్టి, రవీందర్‌ను దగ్గర ఉంచి నేను ఆటో ఎక్కాను. ఆబిడ్స్‌లో కార్ల సామాను అమ్మే దుకాణంలో అంత పెద్ద అద్దానికి సరిపోయేది లేదు. సుల్తాన్ బజార్‌కు వెళ్ళమన్నారు. అక్కడ ఇంటి సామాన్ల కొట్లో ఒక పెద్దావిడ వెండిరంగు ఫోమ్ షీటు మీటర్ల లెక్కన కోసి ఇచ్చింది. నాలుగు మీటర్లు ఎనిమిది వందలు అంది, ఏడు వందలకు ఇచ్చింది. "ఇంట్ల ఎవరికన్న బాగలేదా అమ్మా?" అని అడిగింది. ఎందుకలా అడిగారన్నాను. "మొకం గట్లుంది" అంది. ట్రాఫిక్‌లో తిరిగి రావడానికి అరగంట పైనే పట్టింది.

వచ్చేసరికి బండి తలుపు బార్లా తెరిచి ఉంది. అది చూడగానే పరుగెత్తాను. ఏసీ ఉన్న బండికి తలుపు ఎవరూ ఊరికే తెరవరు. లోపల రవీందర్ పెళ్ళిపత్రికతో వాళ్ళక్కకు విసురుతున్నాడు. హాల్లో పెద్ద ఏసీలన్నీ ఒకేసారి వేయడంతో వోల్టేజీ పడిపోయి మా ఏసీ ఆగిందట. మళ్ళీ వేస్తే రెండు నిమిషాలు నడిచి ఆగుతోందట. బ్యాటరీలు కూడా అప్పటికే అయిపోయాయి. వదిన ముఖం ఎర్రగా కందిపోయింది. మజ్జిగ గ్లాసు చేతికిస్తే ఆమె వేళ్ళు దాన్ని పట్టుకోలేదు. గ్లాసు జారి ఆమె ఒళ్ళో పడింది. ముగ్గురం ఆ గ్లాసు వంకే చూశాం.

"దవాఖానకు పోదామా అక్కా?" అన్నాడు రవీందర్.

"దవాఖానల ఏం చేస్తరు? ఏసీల పండబెడ్తరు. గదేదో గీడనే చెయ్యిన్రి," అంది వదిన. మాట ముద్దగా వచ్చినా విసుగు మాత్రం స్పష్టంగానే ఉంది. పావుగంట చూద్దాం, తగ్గకపోతే దవాఖానకే అని నేను గట్టిగా చెప్పాను. ఆమె సరేనంది.

బండిని ఏదైనా గోడ నీడకు తిప్పుదామని మల్లేశ్ చుట్టూ చూశాడు. పదకొండు గంటల మే ఎండలో ఏ గోడకూ చెప్పుకోదగ్గ నీడ లేదు, సూర్యుడు దాదాపు నెత్తి మీదికి వచ్చాడు. నేను వంటవాళ్ళ దగ్గరికి పరుగెత్తి ఐసు అడిగాను. వంటమేస్త్రి ఏమీ అడగకుండా ఐసుగడ్డ పగలగొట్టి తువ్వాలులో మూటగట్టి ఇచ్చి, "ఇంక గావాల్నంటే మల్ల రాండ్రి" అన్నాడు. దాన్ని వదిన మెడ వెనుక, చంకల కింద పెట్టాను. అప్పుడే ఎవరు చెప్పారో ఏమో, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని విజయక్క వచ్చింది. ఇంకో గంటలో కూతురి ముహూర్తం ఉంది ఆమెకు.

లోపలికి తొంగి చూసి, "ఏందే సులూ, గిట్లయినవ్?" అంది.

"నువ్వు లోపటికి పో. పీటల మీద కూసునేదానివి," అంది వదిన.

విజయక్క హాల్లోకి పోలేదు. మెట్టు మీద నిలబడి ఆవరణంతా ఒకసారి చూసింది. గేటు దగ్గర మగపెళ్ళివాళ్ళకు ఎదురుకోళ్ళ కోసం వేసిన షామియానా కనిపించింది. గులాబీరంగు గుడ్డ, పూల తోరణాలు, ఎత్తైన ఇనుప గుంజలు. "మగపెండ్లోళ్ళు వచ్చిన్రు గద. ఇంక ఆడ ఎవరున్నరు?" అని, టెంట్‌హౌస్ అతన్ని పిలిచింది. "ఆ షామియానా విప్పి ఈ బండి మీద ఎయ్యిన్రి."

అతను తటపటాయించాడు. "అక్కా, ఫోటోలకు గేటు ఖాళీగ కనిపిస్తది."

"కనిపియ్యనీ. నా దోస్తు నాకు కనిపియ్యాలె."

నలుగురు మనుషులు గుంజలు పీకి బండి నాలుగు మూలలా నిలబెట్టారు. గుడ్డ నేరుగా పైకప్పు మీద పడితే ఏసీకి ఊపిరాడదని మల్లేశ్ చెప్పడంతో మూరెడు ఎడం వదిలి కట్టారు. నేను తెచ్చిన వెండి షీటును మల్లేశ్, రవీందర్ కలిసి ముందు అద్దానికి బయటినుంచి కప్పారు. వంటవాళ్ళలో ఒకామె బండి చుట్టూ సిమెంటు నేల మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోసింది, నేల ఆవిరి కక్కి నల్లబడింది. ఈలోగా విజయక్క తమ్ముడు హాలు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మా లైను కూడా హాలు ఏసీలున్న ఫేజు మీదే పడిందని, బయట లైట్లకు వాడే ఫేజు పగలంతా ఖాళీయే కాబట్టి దాని మీదికి మారుస్తానని ఎలక్ట్రీషియన్ అన్నాడు. మల్లేశ్ ఏసీ జాలీ తీసి దులిపితే అందులోంచి గుప్పెడు దుమ్ము రాలింది.

ఏసీ మళ్ళీ నడిచింది. ఈసారి ఆగలేదు. తలుపు మూసి, పరదాలు లాగి, వదిన పక్కన కూర్చున్నాను. మొదట్లో తేడా తెలియలేదు. కొంతసేపటికి నా వీపు మీద చెమట చల్లబడింది. ఆమె చెయ్యి పట్టుకుని నొక్కమన్నాను. వేళ్ళు కదిలాయి గానీ పట్టు లేదు. మరికాసేపటికి మళ్ళీ అడిగాను. ఈసారి నా గాజు చేతికి గుచ్చుకునేంత నొక్కింది. "నొస్తుందా?" అని అడిగింది. ఔనన్నాను. బయట మెట్టు మీద కూర్చున్న రవీందర్‌కు పరదా కాస్త తప్పించి కిటికీ అద్దంలోంచి బొటనవేలు ఎత్తి చూపించాను. అతను లేచి నిలబడి, మల్లేశ్ భుజం మీద చెయ్యి వేసి, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

జీలకర్ర బెల్లం వేళకు వదినను మా వెంట తెచ్చుకున్న చక్రాల కుర్చీలో హాల్లోకి తీసుకెళ్ళాం. తలంబ్రాలు అయ్యేదాకా ఉంది. అక్షింతలు తన కుడిచేత్తోనే వేసింది. పీటల మీది నుంచి విజయక్క తల తిప్పి వదిన ఉందా లేదా అని రెండుమూడుసార్లు చూసుకుంది. భోజనాలయ్యాక హాస్టల్ స్నేహితురాళ్ళు ఆరుగురు కారవాన్ చూస్తామని ఎక్కి దిగలేదు. అంతమంది చేరితే ఆ చిన్న గది మళ్ళీ వేడెక్కుతుందని మల్లేశ్ బయటినుంచి గొణిగాడు. ఇద్దరిద్దరు చొప్పున లోపలికి వచ్చేలా, మిగతావాళ్ళు షామియానా నీడలో కుర్చీలేసుకునేలా నేనే ఏర్పాటు చేశాను. ఎండ తగ్గాక ఖైరతాబాద్‌లో ఉండే ఒక స్నేహితురాలు అందరికీ ఇరానీ చాయ్ తెప్పించింది. పొద్దు గుంకాక పైకప్పు కిటికీ తెరిచి లోపలి వేడిగాలి పంపేసి, మెల్లగా తిరుగు ప్రయాణమయ్యాం. ఉప్పల్ దాటకముందే వదిన నిద్రపోయింది.

ఆ రోజు గురించి తలుచుకుంటే నాకు భయం కంటే తేలికదనమే ఎక్కువ గుర్తొస్తుంది, ఒంట్లోంచి పెద్ద బరువు ఎవరో దించినట్టు. మూడేళ్ళు మేము వదినను ఎండనుంచి కాపాడటమంటే తలుపులు మూసుకోవడమే అనుకున్నాం. ఎవరింటికైనా వెళ్తే వాళ్ళను ఇబ్బంది పెడతామని ఆమె భయం, ఆమెకేమైనా అవుతుందని మా భయం. నిజంగా ఇబ్బంది పడ్డ రోజున మాత్రం ఎవరూ విసుక్కోలేదు. ఐసు ఇచ్చినవాళ్ళు, నీళ్ళు పోసినవాళ్ళు, గుంజలు మోసినవాళ్ళు తమ పని మధ్యలో ఆపి మా పని చేశారు. పెళ్ళి ఆల్బమ్ వచ్చిందని మొన్న విజయక్క వదినకు ఫోన్ చేసింది. గేటు దగ్గర దిగిన ఫోటోల్లో వెనకాల ఉత్త ఇనుప గేటే ఉందట. ఆ మాట చెప్పుకుని ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఇలా కారవాన్‌తో వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. బండి నిలిపే చోటును ఫోన్లో ఖాయం చేసుకోకండి, పొద్దున వెళ్ళి చూసి సరే అనుకోకండి. ముందురోజు మిట్టమధ్యాహ్నం వెళ్ళి, నీడ ఎక్కడ పడుతుందో, ప్లగ్గు ఏ లైను మీద ఉందో అడిగి తెలుసుకుని, ఆ చోట పది నిమిషాలు నిలబడండి. మీరు నిలబడలేకపోతే మీ బండి కూడా అక్కడ నిలబడలేదు.