రెండు స్పీకర్ల నడుమ మనిషి

విదేశీ స్పీకర్ల జత ఉన్న ఇల్లు నాందేడు మొత్తానికి మాదొక్కటేనని నేను నమ్మేవాణ్ణి. ఇల్లిల్లూ తిరిగి చూసింది లేదు, ఎవర్నీ అడిగింది లేదు. అయినా ఆ నమ్మకంతో నా నడకే మారిపోయింది. ఇరిగేషన్ ఆఫీసులో కాలువల నక్షాలు గీసుకునే మామూలు డ్రాఫ్ట్స్‌మన్‌ని. సాయంత్రం ఇంటికొచ్చి ఆ రెండు పెట్టెల ఎదురుగా కూర్చున్నానంటే మాత్రం నవాబునే.

డెబ్బైల చివర్లో ఒక ఆదివారం ఆ జత మా గడప దాటి వెళ్ళిపోయేంత పనయింది. దొంగలెవరూ పడలేదు, అవసరం వచ్చి అమ్ముకోనూ లేదు. నలుగురి ముందు నేను నోరు జారాను, అంతే. నా కోపం ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందు నడుస్తుంది.

అవి మా ఇంటికి వచ్చిన తీరు చెప్పాలి. హైదరాబాదులో ఒక పెద్ద అధికారి బదిలీ మీద వెళ్తూ సామాను అమ్మేస్తున్నాడని తెలిసి, సెలవు పెట్టి పరుగెత్తాను. వినమని ఆయన ఒక రికార్డు పెట్టాడు. అప్పటిదాకా పాట అంటే రేడియో పెట్టెలోంచి వచ్చేదనుకున్నాను. ఇక్కడ తబలా వాయించేవాడు ఎడమ పక్కన కూర్చున్నాడు, వాడి వేళ్ళు కూడా తెలుస్తున్నాయి. బేరం ఆడటం కూడా మరిచిపోయి, రికార్డు ప్లేయరుతో సహా కొనేశాను.

రెండు పెట్టెలనూ రెండు పరుపుల్లో చుట్టి పగటి ప్యాసింజరు ఎక్కించాను. అప్పటికి మాది మీటరు గేజి చిన్న లైనే. బండి ఊగినప్పుడల్లా ఎటు పడతాయోనని వాటి మధ్య నేల మీద కూర్చుని చెరో చేయీ వేసుకున్నాను. రైలు డబ్బాలో వాళ్ళకు మంచి కాలక్షేపం దొరికింది. పావురాల గూళ్ళని ఒకాయన అన్నాడు. ఒక ముసలమ్మ కాలు తగిలించి, లోపల దేవుళ్ళున్నారేమోనని భయపడి కళ్ళకద్దుకుంది. నేను కాదనలేదు. ఎండలో చెమట కారుతున్నా, నడుము పట్టేసినా, నాందేడు స్టేషన్‌లో దిగేసరికి నా అంత సుఖపడ్డవాడు ఆ బండిలో లేడు.

ఊళ్ళో ఇత్వారా పేటలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గది ఇక వాటిదే అయింది. గోడకు ఇంత దూరం, ఒకదానికొకటి ఇంత దూరం అని కొలిచి, నేల మీద సుద్దతో గీతలు గీశాను. తర్వాత నా భార్యకు నియమాలు చెప్పాను. ఊడ్చేటప్పుడు పెట్టెలు గీత దాటకూడదు. ముందున్న గుడ్డను ముట్టుకోకూడదు. మెరుగు పెట్టిన చెక్క మీద వేలిముద్రలు పడకూడదు. ఇక రికార్డు మీద ముల్లు పెట్టడం నేను తప్ప ఎవరూ చేయకూడదు. ఆమె అన్నిటికీ తల ఊపింది, మూతి మీద ఒక చిన్న నవ్వు మాత్రం ఆపుకోలేదు. ఆమె ఊరు కుండల్‌వాడి. పుట్టింట్లో ఎప్పుడు చూసినా పన్నెండు మంది, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు. మాకింకా పిల్లలు లేరు. నేను పదింటికి ఆఫీసుకు వెళ్తే మళ్ళీ ఆరింటికే రావడం. ఈ లెక్క నాకు అప్పట్లో తట్టలేదు, నిజం చెప్తున్నాను.

నాకు ఒక్కడే పోటీదారు. బట్టల దుకాణం నడిపే స్నేహితుడు, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. మా ఇంట్లో ఒక సాయంత్రం పాట విని వెర్రెత్తిపోయాడు. కిన్వట్ అడవి టేకు తెప్పించి, మాండవి నుంచి ఒక వడ్రంగిని పిలిపించి, రెండు పెట్టెలు చేయించాడు. లోపల బిగించే స్పీకర్లు బొంబాయి నుంచి తెచ్చాడు. పెట్టె లోపల మోత తగ్గాలంటే మెత్తటిది ఏదైనా కూరాలని నేనే చెప్పాను. పత్తి పండే ఊరు కదా, గింజ తీయని పత్తి తెచ్చి కూరేశాడు. పాట మొదలైంది, ఢోలక్ దెబ్బ పడ్డప్పుడల్లా లోపల గింజలు గలగలమన్నాయి. నేను నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాను. తర్వాత దూది తెచ్చి మరీ గట్టిగా దట్టించాడు. అప్పుడు గాయకుడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపించింది. వాడికి మాత్రం పట్టుదల. ఆదివారం వస్తే చాలు, తన పెట్టెలు రిక్షాలో వేసుకుని పోలుస్తానని మా ఇంటికి దిగేవాడు.

పోల్చడానికి మాకొక పద్ధతి ఉండేది. కళ్ళు చూస్తుంటే చెవులు అబద్ధం ఆడతాయని వాడి వాదం. అందుకని దుకాణం నుంచి పలచటి మల్‌మల్ గుడ్డ తెచ్చి గదికి అడ్డంగా కట్టేవాడు. దాని వెనక రెండు జతలు. నేనో వాడో వెనక నిలబడి, ఒకే పాటను ఒకసారి ఈ జతకు, ఒకసారి ఆ జతకు కలిపేవాళ్ళం. ముందు కూర్చున్న ఇరుగుపొరుగు నలుగురూ ఏది బాగుందో చెయ్యెత్తి చెప్పాలి. ప్రతిసారీ మా ఇంటి జతే గెలిచేది. నేను గంభీరంగా ముఖం పెట్టుకుని, లోపల ఈల వేసుకునేవాణ్ణి. నా భార్య చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళేది. ఆమెను ఒక్కసారి కూడా కూర్చోబెట్టి అడగలేదు.

దీపావళి తర్వాత కథ తిరగబడింది. పండగకు సున్నాలు వేయించాం. పెట్టెలు లోపలి గదిలోకి మార్చి, గోడలు ఆరాక మళ్ళీ తెచ్చి, గీతలు కొత్తగా గీసి, నా చేతులతో నేనే వైర్లు బిగించాను. ఆ రోజు నుంచి పాట పలచబడింది. ఢోలక్‌లో దమ్ము లేదు. గొంతు ఎక్కడో గోడల వెంట తిరుగుతోంది. కొత్త సున్నాన్ని అనుమానించాను, కరెంటును తిట్టాను, చివరికి గోదావరి మీద నుంచి వచ్చే తేమను కూడా వదల్లేదు. పైకి మాత్రం బాగానే ఉందని చెప్పుకున్నాను.

ఆదివారం మల్‌మల్ గుడ్డ కట్టారు. మొదటి పాటకు చేతులన్నీ వాడి జతకే లేచాయి. రెండో పాటకూ అంతే. మూడోసారి నేనే ముందుకొచ్చి కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నాను, బాగున్నదానికి చెయ్యెత్తాను. గుడ్డ తీస్తే అది మాండవి వడ్రంగి చేసిన పెట్టె. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరో పక్కన చిన్నగా దగ్గారు కూడా. అంతే, నా కోపం అడుగు ముందుకేసింది. ఈ విదేశీ చెక్కలు నాకు అక్కర్లేదని, వాడినే తీసుకుపొమ్మని, వాడివి నాకిమ్మని అందరి ముందూ అనేశాను. వాడు మొదట వద్దన్నాడు. నేను మాటంటే మాటే అన్నాను. మనసులో ఎన్నాళ్ళుగానో వాటి మీద ఆశ ఉన్నవాడు, ఎంతసేపని వద్దంటాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం రిక్షా తెస్తానన్నాడు.

ఆ వారమంతా ఆఫీసులో కాలువలు వంకర పోయాయి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లదు. ఇవ్వాలంటే మనసు రాదు. ఇంట్లో ఎవరికీ ఏ బాధా లేదని మాత్రం అనుకున్నాను. గది ఖాళీ అవుతుంది, ఆమె కుట్టుమిషను అక్కడ వేసుకుంటుంది, సంతోషించక ఏం చేస్తుంది?

ఆదివారం పొద్దున సాగనంపే ముందు మెత్తటి గుడ్డతో పెట్టెలు తుడుస్తూ కూర్చున్నాను. ఆమె చాయ్ తెచ్చి పెట్టింది. పెట్టి, వెళ్ళకుండా గోడ పక్కన నిలబడింది.

"నేనొక మాట చెప్త, మీరు తిట్టొద్దు. నేను దినాం మధ్యానం ఇవి పెట్టుకుంటున్న," అంది.

నాకు అర్థం కాలేదు. ఏవి పెట్టుకుంటున్నావని అడిగాను. నేను ఆఫీసుకు వెళ్ళాక, తన పని అయ్యాక, రికార్డు వేసుకుని వింటోందట. ముల్లు ఎలా పెట్టాలో నన్ను చూసే నేర్చుకుందట. ఒక్క రికార్డు మీద కూడా గీత పడలేదని ముందుగానే హామీ ఇచ్చింది. ఎప్పటి నుంచి అంటే, రెండేళ్ళ నుంచి అంది. నా నియమాలన్నీ నీళ్ళలో కలిశాయి. కోపం రావాలి, వచ్చే లోపల ఆమె ఇంకో మాట అంది.

"ఆ భక్తి పాటలు పాడె ఆమె లేదా, ఆమె పెట్టెలల్ల ఉండకపోతుండె. నడిమిట్ల, ఆ కిటికి కింద కూసుంటుండె. మనింటికి ఒక మనిషొచ్చినట్టే ఉంటుండె. సున్నం ఏసిన కాన్నుంచి పాట అస్తున్నది గని ఆమె అస్తలేదు."

చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకుంది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. మంచి స్పీకర్ల గొప్పతనం అదే, రెండు పెట్టెల నడుమ ఖాళీ చోటులో గాయకుణ్ణి నిలబెట్టడం. దాని గురించి నేను వచ్చినవాళ్ళందరికీ గంటలు గంటలు ఉపన్యాసాలిచ్చాను. అది పోయిందని, ఏ రోజు పోయిందో కూడా, ఈ ఇంట్లో ఒక మనిషికి తెలుసు. నేను ఆమెను అడగనే లేదు.

సున్నం వేసిన రోజు గోడలు తప్ప వేరే ఏం మారింది? వైర్లు విప్పాను, మళ్ళీ బిగించాను. వెంటనే పెట్టెల వెనక్కి పాకాను. ప్రతి పెట్టెకూ వెనక రెండు ఇత్తడి మరలు. ఎర్ర చుక్క ఉన్న మరకు ఎర్ర వైరు, రెండోదానికి నల్ల వైరు. రెండు పెట్టెలకూ ఒకే తీరుగా ఉండాలి, ఒకదానికి తలకిందులైతే ఒక పెట్టె ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది, గొంతు నడుమ నిలవదు. చూశాను. రెండింటికీ ఎర్ర చుక్క మీదే ఎర్ర వైరు ఉంది. అంతా సరిగ్గానే ఉంది. ఎందుకో ఒక చుక్కను గోటితో గీకాను. గోటికి జిడ్డుగా అంటుకుంది. వాసన చూస్తే కుంకుమ.

దసరాకు ఆయుధపూజ నాడు ఆమె కుట్టుమిషనుకూ, నా సైకిలుకూ, నక్షాల స్కేలుకూ బొట్లు పెట్టింది. పెట్టెలకు పెట్టకుండా ఎలా ఉంటుంది? ముందున్న గుడ్డ ముట్టుకోవద్దన్నాను. చెక్క ముట్టుకోవద్దన్నాను. ఇక మిగిలింది వెనకున్న మరలే. నూనెలో తడిపిన కుంకుమతో పెట్టెకొక బొట్టు పెట్టింది. ఒక పెట్టెకు అది అసలు చుక్క మీదే పడింది. రెండో పెట్టెకు అసలు రంగు ఎప్పుడో రాలిపోయి ఉంది, బొట్టు పక్క మర మీద పడింది. కాలువ మలుపు వెంట్రుక వాసి తప్పితే ఒప్పుకోని డ్రాఫ్ట్స్‌మన్‌ని, కుంకుమకూ రంగుకూ తేడా తెలియక వైరు బిగించాను.

"అయితే నేనే చెడగొట్టిన్నా?" అని ఆమె భయంగా అడిగింది.

"నువ్వు బొట్టే పెట్టినవ్. వైరు తగిలిచ్చింది నేను," అన్నాను. అని, పెట్టెల వెనక దుమ్ములో కూర్చునే నవ్వడం మొదలుపెట్టాను. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇద్దరం ఆగలేదు.

వైర్లు మార్చి, ముల్లు నువ్వే పెట్టమన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నాకంటే నిదానంగా, నాకంటే మెత్తగా పెట్టింది. మొదటి అక్షరానికే గాయని వచ్చి కిటికీ కింద కూర్చుంది. నా భార్య అటే చూస్తూ నిలబడింది. ఆ ముఖం చూశాక నాకు ఏడుపు వచ్చేంత సంతోషమైంది, దాచుకోలేదు.

మధ్యాహ్నం స్నేహితుడు రిక్షాతో, తన పెట్టెలతో వచ్చాడు. జరిగినదంతా చెప్పి, అయినా మాట మాటే, తీసుకుపొమ్మన్నాను. వాడు ముందు వింటానన్నాడు. ఈసారి గుడ్డ కట్టలేదు. పాట అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఈ జత మీద వాడికున్న ఆశ నాకు తెలుసు, వాడి ముఖంలో అదంతా కనిపిస్తోంది. లేచి లోపలి గుమ్మం వైపు చూశాడు.

"నాకు దుకాణంల పొద్దుమాపు మనుషులే అన్నా. ఈ పాట పాడె ఆమె వదిన దగ్గర్నే ఉండనీ," అన్నాడు. నేను బలవంతం చేయబోతే, తన టేకు పెట్టెలు తనకే ముద్దని, తెచ్చిన రిక్షాలోనే వాటిని తిరిగి ఎక్కించాడు. దూది కొంచెం తగ్గించమని రోడ్డు దాకా వెంటపడి చెప్పాను.

ఆ తర్వాత ఎండాకాలంలో ఒక రోజు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే ఇంటికి రావలసి వచ్చింది, ఏదో నక్షా మరిచిపోయాను. అరుగు ఎక్కుతుంటే పాట వినిపించింది. చెప్పు విప్పబోయి ఆగాను. గొంతు రెండుగా వస్తోంది. ఒకటి నడుమ నిలబడి స్పష్టంగా ఉంది, ఇంకోటి కొంచెం పక్కగా, కొంచెం తక్కువ శ్రుతిలో. మళ్ళీ ఏ వైరు ఊడిందోనని గబగబా తలుపు మీద చెయ్యి వేశాను. అంతలో చరణం దగ్గర గాయని ఆగింది. రెండో గొంతు ఆగలేదు, మరో రెండు మాటలు ఒంటరిగా పాడి, తప్పు తెలిసి నవ్వుకుంది. పెళ్ళయి ఏడేళ్ళు. ఆమె పాడుతుందని నాకు తెలియదు. తలుపు మీద నుంచి చెయ్యి తీసేసి, చప్పుడు చేయకుండా అరుగు మీద ఎండలోనే కూర్చుని రికార్డు ఆ పక్క మొత్తం విన్నాను. నక్షా తీసుకోకుండానే ఆఫీసుకు వెళ్ళిపోయాను.