పదకొండో మంచం టిక్కులు

గురువారం మధ్యాహ్నం చర్చంటే ఎమ్మెస్సీ నర్సింగ్ పిల్లలకు హడలు. గుండ్రంగా కూర్చుని, ఎవరిదో ఒక పరిశోధనను పట్టుకుని గుచ్చి గుచ్చి ప్రశ్నలడగాలి. అడగనివాళ్లను పెద్ద మేడమ్ వదిలేది కాదు. "నోరు మెదపకపోతే నిన్ను కూడా కుర్చీల లెక్కలో రాసేస్తాను" అనేది. ప్రశ్నించడం నేర్పుతున్నానని ఆవిడకు కాస్త గీర కూడా.

ఆ వారం చర్చకు పెట్టింది తన థీసిసే. బంగారు పతకం వచ్చిన పుస్తకం కదా, ఏటా పెడుతుంది. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే వీపున పుండ్లు పడవని, తిప్పినప్పుడల్లా నర్సులు టిక్కు పెట్టే వార్డు చార్టులు లెక్కగట్టి తేల్చిన థీసిస్.

పిల్లిలా నడుస్తుందని అందరూ పిల్లి అని పిలిచే అమ్మాయి చివరి పేజీల్లోని పదకొండో మంచం చార్టు చూపించింది. "మేడమ్, ఎనిమిదికి, పదికి, పన్నెండుకి పెట్టిన టిక్కులన్నీ ఒకే వాలులో ఉన్నాయి. డ్యూటీ దిగేముందు ఒక్క ఊపులో పెట్టేసినట్టు. మేమూ వార్డులో అలాగే..."

"నీ బద్ధకాన్ని ఊరందరికీ అంటగట్టకు తల్లీ. కూర్చో."

అందరూ నవ్వారు. పిల్లి కూర్చుంది. మర్నాడు తన పరిశోధనకు ముందనుకున్న చార్టుల అంశం వద్దని, రోగుల సంతృప్తి మీద చేస్తానని కాగితం పెట్టింది. ఎవరికీ నొప్పి కలగని అంశం. మేడమ్ సంతకమే తరువాయి.

సంతకం పడలేదు. ఆ టిక్కులు ఆవిడవే. పదకొండో మంచం ముసలాయన ఆ పూట ఎలా పడుకున్నాడో అలాగే ఉన్నాడు. అది తెలిసే లెక్కలో కలిపింది.

అప్పట్లో తనతో డ్యూటీ చేసినామెకు ఫోన్ చేసి ఆ టిక్కుల సంగతి ఎత్తింది.

"నలభై మంచాలకి ఇద్దరం కదక్కా! తిప్పడానికి మనకెన్ని చేతులున్నాయని?"

"చేతుల్లేవు సరే. పెన్ను పట్టడానికి మాత్రం ఎలా వచ్చాయే?"



గురువారం వచ్చింది. మేడమ్ సంతకం పెట్టని కాగితాన్ని, థీసిస్‌ను పిల్లి ముందు పెట్టింది.

"ఆ ప్రశ్న మళ్లీ అడుగు."

"వద్దులెండి మేడమ్, ఏదో నోరు జారాను."

"నువ్వు నోరు జారలేదు. పదకొండో మంచం టిక్కులు నావి. అడుగు."

గదిలో ఎవరూ నవ్వలేదు. పిల్లి తన కాగితం వెనక్కి తీసుకుంది, మడిచింది, నోట్సులో పెట్టుకుంది. అప్పుడడిగింది.

"ఆయన్ని ఆ పూట ఎన్నిసార్లు తిప్పారు మేడమ్?"

"ఒక్కసారీ తిప్పలేదు. రాసుకో."