ఎర్ర చుక్క గ్లాసు

పండుగ సెలవులంటే అందరికీ ఏం గుర్తుకొస్తుందో గానీ, నాకు మాత్రం ఎంగిలి గుర్తుకొస్తుంది. మా పండుగ మొదలయ్యేదే ఆ మాటతో. పెత్రమాస, అదే భాద్రపద అమావాస్య నాడు పేర్చే మొదటి బతుకమ్మను ఎంగిలిపూల బతుకమ్మ అంటాం. ఆ పేరెందుకొచ్చిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. ముందు రోజే తెంపిన పూలు కాబట్టి అని ఒకరు, తిన్న నోటితో పేరుస్తాం కాబట్టి అని ఇంకొకరు. ఏదైతేనేం, దేవతకు ఎంగిలి పూలు పెట్టి దండం పెట్టుకునే మనుషులం, సాటి మనిషి తాగిన గ్లాసు దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని మడి కట్టుకుంటాం. ఛీ, ఏం బతుకులో!

ఎంగిలి విషయంలో లక్సెట్టిపేటలో మా వాడంతటికీ హైకోర్టు మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి. చిన్నప్పుడు మేం నీళ్ళు తాగుతుంటే పక్కన నిలబడేది. "మూతి పెట్టకు, ఎత్తి తాగు" అనేది. చెంబు పైకెత్తి, తల వెనక్కి వంచి, ధార గొంతులో పడేలా తాగాలి. నీళ్ళు ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరైనా సరే, పెదవి మాత్రం తగలకూడదు. ఇప్పుడు కరీంనగర్లో నా ఇంట్లో నేను గ్లాసుకు మూతి పెట్టి హాయిగా తాగుతాను. అవ్వ వచ్చినప్పుడు మాత్రం ఆ గ్లాసును రెండుసార్లు తోమించి గానీ ముట్టదు.

మా అన్న మస్కట్‌లో ఉంటాడు. వదిన అవ్వ దగ్గరే ఉంటుంది. పోయినేడు వదినకు దగ్గు పట్టుకుంది. ముందు వాన ముసురన్నారు, తర్వాత పత్తి దుమ్మన్నారు, చివరికి మంచిర్యాలలో ఛాతీ ఫోటో తీయించాక టీబీ అని తేలింది. అవ్వ ఆ మాట నోటితో అనదు, "గా బీమారి" అంటుంది. మందుల విషయంలో అవ్వను తప్పు పట్టలేను. పొద్దున్నే వదిన ఎదురుగా కూర్చుని, గోలీలు మింగించి, "నోరు తెరువు, సూడనియ్యి" అనేది. వదిన నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాలి. అప్పుడే అవ్వ లేచేది. కోడిగుడ్డు పెట్టింది, పాలు పోసింది. ఒక్క గోలీ తప్పకుండా కోర్సు పూర్తయింది. డాక్టరమ్మ అవ్వ మొహం మీదే చెప్పింది, ఇక ఈమెతో ఎవరికీ భయం లేదు, ఆ రోగం దగ్గు తుంపర్లతో అంటుకునేదే గానీ గ్లాసులతో, కంచాలతో వచ్చేది కాదు అని. అవ్వ బుద్ధిగా తలూపి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత కూడా గ్లాసు వేరుగానే ఉంది.

ఈసారి సెలవులకు నేను వెళ్ళేసరికి, గిన్నెలు తోమే జాలారి పక్క కిటికీలో ఒక స్టీలు గ్లాసు ఒంటరిగా బోర్లించి ఉంది. అడుగున ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. అప్పుడెప్పుడో మా అక్క పెట్టిన గుర్తట. వదిన మందులు మొదలుపెట్టిన రోజుల్లో పెట్టిన గుర్తు, వదిన బాగైన తర్వాత కూడా అలాగే మెరుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందవ్వా ఇది? డాక్టరమ్మ చెప్పలేదా?" అన్నాను.

"చెప్పింది తియ్. పండుగకు అందరొస్తరు, ఎవలి మనసు ఎట్లుంటదో. జర పైలంగుంటె పోయేదేమున్నది?"

"మరి పొద్దుగాల్నుంచి వంటంతా వదినే చేస్తుంది కదనే!"

"పొయ్యి మీదికెక్కినంక ఏముంటది? అగ్గి తింటది అన్నిటిని."

అదీ మా అవ్వ శాస్త్రం. వదిన వండిన అన్నం కావాలి, వదిన కలిపిన పప్పు కావాలి, వదిన చేత్తో కడిగిన బోటి కావాలి. ఆ బోటిని తిరగేసి, పేడ కడిగి, సున్నం రాసి గీకడానికి ఇంకొక్క ఆడది ముందుకు రాదు. అంత కంపు పనికి పనికొచ్చిన చేతులు, నీళ్ళ గ్లాసు దగ్గర పనికిరావట. అన్నకు ఫోన్ చేసి చెప్పాను. వీడియోలో తల గోక్కుంటూ, "అవ్వ చెప్పినట్టు ఇనుండ్రి, పండుగ పూట లొల్లి ఎందుకు" అన్నాడు. లొల్లి వద్దట! ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది.

వదిన మాత్రం ఆ గ్లాసు గురించి ఒక్క మాట అనలేదు. ఆమెకు కావలసింది ఒకటే. "పిల్లా, గీసారి సద్దులకు మలీద నేనే చేస్త" అంది నాతో.

మలీద అంటే జొన్నరొట్టెను వేడివేడిగా తుంచి, బెల్లం వేసి, నెయ్యి పోసి, చేత్తో పిసికి పిసికి ముద్దలు కట్టేది. సద్దుల బతుకమ్మ నాడు పూలను నీళ్ళలో వదిలాక ఆడవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకునేది అదే. వదిన మలీదకు మా వాడలో పేరుంది. "మీ కోడలు చేసిందేనా?" అని అడిగి మరీ తీసుకునేవాళ్ళు. పోయినేడు రోగమని చేయనియ్యలేదు, గుమ్మంలో కూర్చుని అందరూ పోవడం చూసింది. ఈ ఏడు తన చేతి ముద్ద నలుగురు తింటే, తాను మళ్ళీ మనుషుల్లో కలిసినట్టు. ఆమె అలా చెప్పలేదు. రొట్టె తుంచుతుంటే ఆమె మొహం చూస్తే గుడ్డివాళ్ళకైనా అర్థమయ్యేది.

కానీ మలీద ముద్ద కట్టాక మళ్ళీ పొయ్యి ఎక్కదు. అవ్వకు అక్కడే గొంతులో ముల్లు పడింది. "చెయ్ చెయ్, ఎవలు వద్దన్నరు" అంది గానీ, మూతి ఇంత పొడుగున సాగింది. మొదటి ముద్ద వదిన ఆమెకే ఇచ్చింది. "ఇప్పుడే తిన్న, మల్ల తింట" అని అవ్వ దాన్ని సాసరులో పెట్టి గూట్లో మూత పెట్టింది.

సాయంత్రం గోదావరి ఒడ్డుకు వెళ్ళాం. తంగేడు, గునుగు, బంతి పేర్చి వదిన తలమీద పెట్టుకున్న బతుకమ్మ, అక్క ఆదిలాబాద్ నుంచి కొని తెచ్చిన ప్లాస్టిక్ పూల బతుకమ్మ పక్కపక్కనే. డీజే పెట్టె చెవులు పగిలేలా మోగుతోంది. ఆడేవాళ్ళ కంటే ఫోన్లు పట్టుకుని తీసేవాళ్ళే ఎక్కువ. బతుకమ్మను నీళ్ళలో వదిలాక వదిన డబ్బా మూత తీసింది. "ఇస్తినమ్మ వాయినం" అంటూ ఒక్కొక్కరి చేతిలో ముద్ద పెట్టింది. "పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ అందరూ తీసుకున్నారు, నవ్వుతూ, "బాగైనవా సెల్లె, మంచిగున్నవ్" అంటూ. వదిన కళ్ళు మెరిశాయి. నేను కూడా ఎంత పిచ్చిదాన్నో, నమ్మేశాను.

తిరిగొస్తుంటే మట్టిబాట పక్కన, ముళ్ళపొద మొదట్లో మలీద ముద్దలు పడి ఉన్నాయి. నెయ్యి ఇంకా మెరుస్తూనే ఉంది. మా ముందు నడుస్తున్న అక్క, కొంగు చాటున చేయి విదిలించడం నేనూ చూశాను, వదినా చూసింది. సొంత అక్క! తోడబుట్టిందని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఊరకుక్క ఒకటి వచ్చి ముద్ద మీద ముద్ద ఆవురావురుమని మింగుతోంది.

వదిన నిలబడి చూసింది. "పాపం, గా కుక్కకు ఎవలు చెప్పినట్టు లేరు" అంది. ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని నడిచింది.

దసరా నాడు మా బావ దిగాడు. ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం, అక్క మొగుడు, ఇంటి పెద్దల్లుడు. వస్తూనే తోరణం కింద గోడకు గుట్కా ఉమ్మాడు. ఆ ఎర్రటి మరకకు మా ఇంట్లో ఎంగిలి అని పేరు లేదు. మధ్యాహ్నం దోస్తులతో పెరట్లో కూర్చున్నాడు. సీసా ఒకటి, గ్లాసు ఒకటి, నోళ్ళు ఎన్నో. ఒకడు తాగిన గ్లాసులోనే ఇంకొకడు, ఒకడు చప్పరించిన బొక్కను "మూలుగున్నది, గుంజు" అని ఇంకొకడి నోట్లో. మీసాలకు నూనె, గడ్డానికి చారు. కూర గిన్నెలోకి బావ తిన్న చేత్తోనే చేయి పెట్టి ముక్కలు ఏరుకున్నాడు. మగవాళ్ళ ఎంగిలి గంగాజలం కాబోలు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు గానీ, మా బావకు తెలిసినా ఫికర్ లేదు.

జమ్మి తెచ్చి, బంగారమని చేతిలో పెట్టుకుని, అలయ్ బలయ్ అని అందరూ కావలించుకున్నారు. వదిన జమ్మాకు పట్టుకుని ముందుకొస్తే అక్క చేయి మాత్రం చాపి, ఆకు తీసుకుని, వెనక్కి జరిగింది. తర్వాత అందరూ భోజనాల బంతిలో కూర్చున్నారు. కూర్చుంటూనే బావ గట్టిగా అన్నాడు. "అత్తా, గా చుక్క గ్లాసు జర దూరం పెట్టున్రి. తెల్వక తాగుతం మల్ల."

వదిన వడ్డిస్తోంది, వినిపించనట్టే. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, బావకు కారం అంటి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. విస్తరి పక్కన గ్లాసు ఎత్తాడు. ఎత్తగానే అడుగు ఎదురుగా కూర్చున్న అక్కకు కనపడింది. "ఆగు ఆగు! ఎర్ర చుక్క!" అని అరిచింది. బావ గ్లాసు దించేసి పక్కది అందుకున్నాడు. తిప్పి చూశాడు. చుక్క. ఇంకొకటి. చుక్క. అక్క తన గ్లాసు ఎత్తి చూసుకుంది. దానికీ చుక్కే. బంతిలో ఉన్న గ్లాసులన్నిటికీ అడుగున ఎర్రగా, నిండుగా, కొత్త పాలిష్ చుక్కలు.

"అరే పానీ! నీళ్ళు!" అంటూ బావ ఎక్కిళ్ళు పెడుతూనే ఉన్నాడు. కళ్ళల్లోంచీ ముక్కులోంచీ ధారలు.

"ఏం పనే ఇది?" అంది అవ్వ.

వదిన కూర గిన్నె కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "ఏం చెయ్యాలె అత్తమ్మా. గా చుక్క పీచు పెట్టి తోమితె పోతది. పోయినప్పుడల్లా నువ్వు పరేషాన్ అయితవని నేనే మల్ల పెడుతున్న. ఏ గ్లాసుకు పెడుతున్ననో నాకు మాత్రం ఏం ఎరుక? అన్ని ఒక్కతీరుగనే ఉండె. మందులు సగం కాకముందే కలిసిపోయినయ్. మీరందరు ఎప్పటిసందో నా గ్లాసులల్లనే తాగుతున్నరు. అందుకే ఇయ్యాల అన్నిటికి పెట్టిన. ఏది నాదని అడిగితె నేను చెప్పలేను."

బావ లేచి పెరట్లోకి పరుగెత్తాడు. నల్లా కింద నోరు పెట్టి, పుక్కిలించి, ఉమ్మి, ఖాకరించి, మళ్ళీ ఉమ్మి, ఆ చప్పుడంతా బంతికి వినిపించింది. అక్క విస్తరి ముందు కొయ్యబారి కూర్చుంది. నేను నా గ్లాసుకు మూతి పెట్టి గటగటా తాగాను. ఎవరూ నావైపు చూడలేదు, అందరూ అవ్వనే చూస్తున్నారు.

అవ్వ చాలాసేపు తన గ్లాసునే చూసింది. తర్వాత తీసుకుంది. పైకెత్తింది. తల వెనక్కి వంచి, పెదవి తగలకుండా ధార పోసుకుంది. ఛీ, అప్పుడు కూడా! నాకు మా అవ్వ మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ధార గురి తప్పింది. నీళ్ళు సగం కొత్త చీర మీద, సగం ముక్కులోకి. పొలమారింది. ఊపిరి ఆడక దగ్గింది, ఒంగి దగ్గింది, ఆగకుండా దగ్గింది.

అందరికంటే ముందు వదినే పరుగెత్తింది. ముందు కూర్చుని, ఒక చేత్తో భుజం పట్టుకుని, ఇంకో చేత్తో నడినెత్తి మీద తట్టింది. అవ్వ దగ్గంతా సూటిగా వదిన మొహం మీదే పడింది, ఎంగిలి, తుంపర్లు, మెతుకులు. వదిన మొహం తిప్పుకోలేదు. దగ్గు తగ్గాక తన కొంగుతో ముందు అవ్వ మూతి తుడిచి, తర్వాత తన మొహం తుడుచుకుంది.

"ఏం కాదు తియ్ అత్తమ్మా, నేను మందులు మింగిన గద" అంది.

అవ్వ గూటి వైపు చూసింది. "గూట్ల మలీదున్నది, ఇటు తే" అంది నాతో. తెచ్చాను. రెండు రోజుల ముద్ద, గట్టిపడింది. అవ్వ అరచేతిలో పెట్టుకుని చూసి, నోట్లో వేసుకుంది. పళ్ళు సరిగా లేవు, నమలడానికి చాలాసేపు పట్టింది. నేను అక్కడే నిలబడ్డాను. మా ఇంటివాళ్ళ మీద నాకు నమ్మకం లేదు, దవడలో దాచి ఉమ్మేసినా ఉమ్మేస్తారు.

వదినకూ ఆ నమ్మకం లేనట్టుంది. అవ్వ ఎదురుగా గొంతుక్కూర్చుని, మొహం దగ్గరికి వంగి అంది.

"నోరు తెరువు అత్తమ్మా, సూడనియ్యి."

అవ్వ నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది.