గుడ్డిపాముకు ఊరు లేదా?

ఎదువీహిస్ తపాస్కో అనే ఆమె కాఫీ తోటల్లో కలుపు తీసి బతికే మనిషి. మా ఎల్ రోబ్లాల్ కొండ మీద మట్టి తవ్వితే ఒక్కోసారి నల్లటి గుడ్డిపాము బయటపడుతుంది. జానెడు పొడుగు, వానపాము లావు, తల మాత్రం పాలిపోయిన గులాబీ రంగు. కళ్లు పొలుసు కింద రెండు చుక్కలు, అంతే. జనం దాన్ని రెండు తలల పామని, రెండు వైపులా కాటేస్తుందని నమ్మి పారతో నరికేస్తారు.

"దాని నోట్లో నీ చిటికెన వేలి గోరు కూడా పట్టదురా, బుద్ధిలేనివాడా! అది తినేది చీమల గుడ్లు" అని ఎదువీహిస్ పార లాక్కునేది.

నరికిన వాటిని మాత్రం పారేయనిచ్చేది కాదు. మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చి సీసాలో వేసేది. చదివింది మూడో తరగతి. అయినా కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి ప్రతి సీసాలోనూ పెట్టేది. 'ఎల్ రోబ్లాల్, వాగు పైన, కుళ్లిన మొద్దు కింద, చీమల పుట్ట, వాన వెలిసిన పొద్దున' అని. బడిలో పాఠాలు చెప్పే నన్ను అక్షరాలు దిద్దమని అడిగేది కాదు. నేనూ దిద్దలేదు.

గుడ్డిపాముల మీద పుస్తకం రాస్తున్న డాక్టర్ బెర్రియో ఓసారి లోయలోని సాన్ దిమాస్ పట్నంలో దిగాడని తెలిసింది. ఎదువీహిస్ కంచరగాడిద మీద పదకొండు సీసాలు కట్టుకుని మూడు గంటలు కొండ దిగింది. ఆయన సీసాలు తీసుకుని, హోటల్ వరండాలోనే కూర్చుని ఆమెకు ఓపిగ్గా చెప్పాడు. కొన్ని గుడ్డిపాములకు పళ్లు పై దవడలోనే ఉంటాయి, మరీ సన్నటి వాటికి కింది దవడలోనే. మన వాటికి రెండింటిలోనూ ఉంటాయి. ఈ పాతకాలపు పాముల కుటుంబం మధ్య, దక్షిణ అమెరికాల్లో తప్ప లోకంలో మరెక్కడా లేదు.

ఆమె నెల్లాళ్లు ఆ మాటే చెప్పుకుని మురిసింది. "విన్నారా మాస్టారూ? లోకంలో ఇంకెక్కడా లేదట! మనవాళ్లేమో పారలతో నరుకుతారు!"

రెండేళ్లకు పుస్తకం బడికి వచ్చింది. పటంలో సాన్ దిమాస్ మీద ఒక్క నల్ల చుక్క. పదకొండు పాములూ అక్కడివేనట. పైగా కింద ఒక వాక్యం: 'ఎత్తయిన కాఫీ కొండల్లో ఈ పాము లేదు.'

నేను చదువుతుంటే ఆమె మొహం ఎర్రబడింది. "సాన్ దిమాస్‌లో చెరకు తప్ప ఏముంది? నా సీసాలు దిగిన చోటు పాముకు సొంత ఊరైపోతుందా? నన్ను కన్నది ఆస్పత్రిలో. నా ఊరు ఆస్పత్రేనా?"

మర్నాడే ఇద్దరం నగరానికి బస్సెక్కాం. మొక్కజొన్న రొట్టెలు మూటలోనే ఉండిపోయాయి. ఏడు గంటల దారిలో ఆమె ముద్ద ముట్టలేదు.

డాక్టర్ బెర్రియో పనిచేసే మ్యూజియానికి వెళ్లి సంగతి చెబితే ఆయన నవ్వుతూ లేచాడు. "ఎదువీహిస్ గారూ! పటంలో మీ కొండకూ సాన్ దిమాస్‌కూ మధ్య గోరంత దూరం కూడా లేదమ్మా."

"ఆ గోరంత దూరమే నేను మూడు గంటలు దిగాను. మీరొక్కసారి ఎక్కారా?"

"మీ పేరు కృతజ్ఞతల్లో వేశాను కదా."

"నా పేరెవడికి కావాలి? పాము ఊరు పాముకివ్వండి!"

ఆయన నొసలు చిట్లించాడు. "మీ చీటీల నిండా తప్పులే. చదవడం కష్టమైంది."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే అక్కడ పనిచేసే మెర్సేదిత అనే పెద్దావిడ లోపలికెళ్లి ఒక సీసా తెచ్చింది. పైన డాక్టరు అతికించిన చీటీలో సాన్ దిమాస్. లోపల స్పిరిట్‌లో మునిగిన చీటీలో పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు. ఆవిడ గట్టిగా చదివింది: "ఎల్ రోబ్లాల్, వాగు పైన..." ఒక్క మాట దగ్గరా తడుముకోలేదు.

"కష్టమేం లేదే, డాక్టరుగారూ" అంది.

ఆయన వచ్చే ముద్రణలో చూద్దామన్నాడు. ఎదువీహిస్ బల్ల మీద కూర్చుంది. "ఇప్పుడే రాయండి. మీరు రాసేదాకా లేవను." మ్యూజియం మూసే వేళకు ఆయన సంతకం పెట్టిన దిద్దుబాటు కాగితం ఆమె చేతిలో పడింది.

అది అచ్చయి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో ఊరు సరే, ఎత్తు మాత్రం పదిహేడు వందల మీటర్లకు బదులు నూట డెబ్బై! ఆమె అటు తిరిగి, ఇటు తిరిగి తిట్టి, మళ్లీ ఉత్తరం రాయించింది. ఆ తర్వాత ఇంకొకటి. మూడో ఉత్తరానికి గానీ అంకె సరికాలేదు. డాక్టరు మాత్రం ఇంతవరకు కొండ ఎక్కలేదు.

అప్పటి నుంచి ఎక్కిరాని వాళ్లకు ఆమె సీసా ఇవ్వడం మానేసింది. కిందటేడు వేరే ఊరి నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. బురదలో రెండుసార్లు జారిపడి, మోకాలు గీరుకుపోయి, చివరికి ఎదువీహిస్ పక్కన మొద్దు దగ్గర కూలబడింది. గులాబీ తల మట్టిలోంచి తొంగిచూడగానే సంబరంగా భూతద్దం తీసింది.

ఎదువీహిస్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "పళ్లు తర్వాత లెక్కపెడుదువులేమ్మా. ముందు ఎక్కడ కూర్చున్నావో రాసుకో."