గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న

ఎల్‌బీ నగర్‌లో ఆఫీసు పెట్టి, సెల్‌టవర్, కరెంటు కంపెనీల సివిల్ కేసులు వాదిస్తున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో తన ఇంటి గోడ పక్కనే పెట్టిన టవర్ జనరేటర్ వల్ల నిద్ర కరువైందని మల్లమ్మ అనే వృద్ధురాలు కేసు వేసింది. నేను కంపెనీ తరఫు లాయర్ని.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో కావాలనే గొంతు తగ్గించి ప్రశ్న అడిగాను.

"జర గట్టిగ చెప్పు బిడ్డా, ఇనొస్తలేదు" అంది.

"నా మాటే వినపడని మనిషికి జనరేటర్ నిద్ర చెడగొడుతోందట!" అన్నాను. హాలంతా నవ్వింది. ఆమె కేసు ఓడిపోయింది. గల్లీవాళ్లు ఆమెను దొంగ కేసుల ముసలిదన్నారు.

ఆ సంగతి తెలిసి మనసాగక, ఒక సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. అప్పుడే కరెంటు పోయి జనరేటర్ మొదలైంది. నేను కూర్చున్న మంచం వణికింది. ఆ వణుకు నా వెన్నులోకి పాకింది.

"చెవులతోని కాదు బిడ్డా, పెయ్యంత గిట్లనే ఒణుకుతది. నువ్వు అడిగితే చెప్తుంటి గద" అంది, తన ఒళ్లు చూపిస్తూ.

"నన్ను క్షమించమ్మా" అన్నాను, ఆమె చెవి దగ్గర గట్టిగా.

"నాకెందుకు చెప్తవ్? గల్లీల చెప్పు."

కంపెనీ కేసులు పోతాయన్న భయంతో ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడామె లేదు. ఆ గల్లీవాళ్లెవరైనా ఈ పేజీ చదువుతుంటే వాళ్లకు చెబుతున్నాను. మల్లమ్మ కోర్టులో నిజమే చెప్పింది.