ఆయుధ పూజ నాటి షిఫ్టింగ్

2023. బెంగళూరు మడివాళలో ఆరు మెషీన్లున్న చిన్న డయాలసిస్ సెంటర్‌కు నేను మేనేజర్‌ని. పదేళ్లు నర్సుగా చేసి ఆ కుర్చీలోకి వచ్చాను. సూది గుచ్చడం బాగా తెలుసు, ప్లాన్ వేయడం బొత్తిగా తెలీదు. ఆ ఏడాది సెంటర్‌ను రెండు కిలోమీటర్ల దూరంలోని కొత్త భవనానికి మార్చాలన్నారు. గాభరాపడి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లైన్ కోర్సులో చేరాను. తీరిక లేని ఉద్యోగం కాబట్టి మహదేవపుర నుంచి వచ్చే బస్సులోనే చదువంతా.

కోర్సులో ‘క్రిటికల్ పాత్’ అని ఒకటుంది. ఏ పనులు ఒక్కరోజు వెనకబడినా మొత్తం వెనకబడుతుందో, ఆ పనుల వరుస. దసరా సెలవులు చూసుకుని రంగురంగుల చార్టు గీశాను. సోమవారం పేషెంట్లకు శనివారమే డయాలసిస్, ఆదివారం మెషీన్లు విప్పడం, సోమవారం లారీలో తరలించి బిగించడం, మంగళవారం మామూలు డ్యూటీ. సోమవారం ఆయుధ పూజ, రోడ్లు ఖాళీగా ఉంటాయి కదా అని నా తెలివికి నేనే మురిసిపోయాను.

మంగళవారం జాబితాలో మొదటి పేరు హమీదాబేగం గారిది. కడప నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్నారు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయాలి. శుక్రవారం చేయించుకుంటే మళ్లీ మంగళవారం దాటకూడదు, ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు.

“మంగళవారం తప్పదు గదమ్మా? ఒక్క దినం జరిగినా నేను పండుకోలేను, తెల్లవార్లూ కూసోనే ఉండాల” అన్నారు.

“తప్పదమ్మా, నాదీ పూచీ” అన్నాను ధీమాగా.

వారం ముందు ఎలక్ట్రీషియన్ మునిస్వామి వైరింగ్ కొలతలకు వచ్చాడు. వాళ్లు తాతల నాటి నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు. గోడమీది చార్టు చూసి తల గోక్కున్నాడు.

“మేడమ్, సోమవారం లారీ అని రాసుండాది. ఆ దినం ఎవరు తోల్తారమ్మా?”

“ఎందుకు తోలరు?”

“బండి కడిగి, హారమేసి, నిమ్మకాయలు తొక్కించి నిలిపేస్తారు. మేమూ పనిముట్లు పూజలో పెడతాము. ఇంక ముట్టము.”

“బతిమాలితే?”

“బతిమాలితే బాధపడతారు. రారు.”

పూజ మా నెల్లూరులోనూ చేస్తారు, నాకు తెలియనిది కాదు. నా చార్టులో మాత్రం అది ఉత్త సెలవు. ‘స్టేక్‌హోల్డర్లు’, అంటే పనితో సంబంధం ఉన్నవాళ్లు, అన్న గడిలో డాక్టరునూ ఓనరునూ మెషీన్ల కంపెనీనీ రాశాను. లారీ తోలేవాణ్ణీ, స్క్రూ బిగించేవాణ్ణీ రాయలేదు. సిగ్గేసింది.

“మరేం చేద్దాం మునిస్వామీ?”

“శనివారం సాయంత్రమే విప్పేద్దాము. ఆదివారం పొద్దున లారీ పెట్టండి, చీకటి పడేలోగా నేను బిగించేస్తా.”

అలాగే చేశాం. సోమవారం ఆరు మెషీన్లూ కొత్త హాల్లో బొట్లు పెట్టించుకుని నిలబడ్డాయి. వాటిని నడిపి చూసి, నీటి పరీక్షలు చేసుకోవడం తప్ప ఎవరికీ పని లేదు. కోర్సులో ‘బఫర్’ అంటూ ఉంచుకోమన్న ఖాళీ రోజు ఇదేనేమో అనుకుని కాఫీ తాగాను. ఎన్నో వారాల తర్వాత వేడిగా తాగిన కాఫీ అది.

మంగళవారం ఏడింటికి హమీదాబేగం గారికి మెషీన్ పెట్టాం. అరగంటలో గురక మొదలైంది. ఆ గురక వింటూ పక్క స్టూలు మీద కూలబడ్డాను, కళ్లు తుడుచుకున్నాను.

కోర్సు సర్టిఫికెట్ తర్వాత వచ్చింది. ఇప్పటికీ ఏ ప్లాన్ వేసినా ఓనరుకు పంపేముందు, ఆ పని తమ చేతుల్తో చేసేవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను. చార్టు గీసింది నేనే. ఆ మంగళవారం ఆవిడకు ఊపిరాడింది మాత్రం మునిస్వామి నోరు విప్పబట్టి.