తడిపిన ముసుగు

నౌకాదళంలో పనిచేశానంటే మా జనగామలో అందరికీ తెల్ల యూనిఫాం గుర్తొస్తుంది. పెళ్లిళ్లకు అది వేసుకొచ్చి ఫొటో దిగమంటారు. యుద్ధకాలంలో ఆ తెల్లబట్టలు పెట్టెలోనే ఉంటాయి. ఒంటి మీద ముదురు నీలం నూలు బట్టలు, మేజోళ్లలోకి దోపిన ప్యాంటు అంచులు, గొంతు దాకా పెట్టిన గుండీలు, నడుముకు లైఫ్‌జాకెట్ సంచి. వీటన్నిటి మీదా తల, మెడ కప్పేసి కళ్ల దగ్గర మాత్రమే తెరిచి ఉండే మందపాటి ముసుగు, మోచేతుల దాకా తొడుగులు. బాంబు పడినా, నూనె అంటుకున్నా, ఒక్క క్షణం లేచే మంటను చర్మం దాకా రానివ్వకపోవడమే వాటి పని. పొడిగా ఉంటేనే ఆ పని చేస్తాయి.

ఆ సంగతి శిక్షణలోనే చెప్పారు. నాకు తెలుసు.

కొన్నేళ్ల కిందట సరిహద్దులో కాల్పులు మొదలైనప్పుడు మా ఓడను యుద్ధానికి సిద్ధంగా నడిసముద్రంలో ఉంచారు. ఇంజన్ గదిలో నా కింద మహబూబాబాద్ పక్కన కురవి ఊరి అతనొకడు పనిచేసేవాడు. ఓడ మొత్తం మీద మన యాస మాట్లాడేది మేమిద్దరమే. నన్ను అన్నా అని పిలిచేవాడు. పెద్దరికం నాకు బాగుండేది.

ఆ గది వేడికి ముసుగులో ఊపిరాడేది కాదు. తీస్తే శిక్ష.

"అన్నా, తలకాయ ఉడుకుతుందే," అన్నాడొకరోజు.

"మీ దిక్కు మిర్చి బస్తాలు తొక్కేటప్పుడు మొఖానికి ఏం కడ్తరు?"

"తడి తువ్వాల."

"మరి గిది బట్ట గాదా? తడిపి తొడుగు. గ్లౌజులు గూడ తడుపు."

"మిర్చి కాడి బుద్ధి ఏడికి పోతదే మనకు," అని నవ్వుతూ బకెట్లో ముంచి తొడుక్కున్నాడు. నాది మాత్రం తడుపుకోలేదు. ఆఫీసరు తనిఖీకి వస్తే ముందు నన్నే చూస్తాడని.

శత్రువు రాలేదు. ఆ పూటే నూనె గొట్టం ఒకటి చిట్లి, కాగి ఉన్న ఇనుము మీద నూనె చిమ్మింది. మంట ఇలా లేచి అలా ఆగింది. నాకు కనుబొమలు మాడాయి, అంతే. అతని ముసుగులో, తొడుగుల్లో ఉన్న నీళ్లు ఆవిరై చర్మాన్ని ఉడికించేశాయి. అరుస్తుంటే ఆ తొడుగులు లాగింది నేనే. అలా లాగకూడదు కూడా, చర్మం ఊడొస్తుంది.

విచారణలో, తడపమన్నదెవరని అడిగారు. "నేనే తడుపుకున్న సార్," అన్నాడు కట్ల మధ్య నుంచి. నేను పక్కనే నిటారుగా నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. అతన్ని ఇంటికి పంపేశారు. నాకు హోదా పెరిగింది.

రిటైరై వచ్చాక అప్పుడప్పుడు రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో కురవి వెళ్లేవాణ్ణి. పండ్లిచ్చి, వానల గురించి మాట్లాడి, అసలు మాట చెప్పకుండానే వచ్చేసేవాణ్ణి. అతని వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. భార్యే అన్నం తినిపిస్తుంది, తిడుతూ తినిపిస్తుంది.

మొన్న ఎండాకాలంలో వెళ్లినప్పుడూ అంతే.

"నోరు జర పెద్దగ తెరువు. ముసుగు తడిపి తొడుక్కున్న తెలివిగల్లోనివి, నోరు తెరుసుడు రాదా?"

"ఓ దిక్కు తిట్లు, ఓ దిక్కు బువ్వ. దేంతోని నింపాలె కడుపు?"

ఆమె నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వు పక్కపొంటే ఉంటివి గద, పెద్దోనివి. గట్ల తడుపద్దని జర చెప్పకపోతివి?"

వద్దన్నట్టు అతను నాకేసి తల అడ్డంగా ఊపాడు. అది చూసి కూడా చెప్పేశాను. తడపమన్నది నేనేనని, నాది పొడిగా ఉంచుకున్నానని, విచారణలో ఊరుకున్నానని.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, "ఇన్నేండ్ల సంది ఈయన్నే తిట్టుకుంట వస్తి," అంది. తర్వాత భర్తతో, "ఒక్కపారన్న చెప్పకపోతివి," అని, కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అతను ఆమె వెళ్లిన వైపే చూస్తూ అన్నాడు. "ఎందుకు చెప్పినవే అన్నా? నీ బరువు దిగింది. అది తిట్టుకుంట, నేను ఎదురు మాట్లాడుకుంట పొద్దు పోయేది. గిప్పుడేం మాట్లాడుకోవాలె మేము?"

నిజం చెప్పడం ఒకటే మిగిలిందనుకుని చెప్పేశాను. అది ఎవరి కోసమో ఆలోచించలేదు.

వానలు పడ్డాక మళ్లీ వెళ్లాను. ఆమె నాకు చాయ్ ఇచ్చింది. అతనికి అన్నం కలిపి, కళ్లెత్తకుండా, మెల్లగా ముద్దలు పెట్టింది. అతను ఉప్పెక్కువైందని గొణిగాడు, నోరు కావాలనే తెరవలేదు, ఆఖరికి మిర్చి కాడి బుద్ధి అని తనను తానే ఎత్తిపొడుచుకున్నాడు. ఆమె ఒక్క తిట్టూ తిట్టలేదు. కొంగుతో అతని మూతి తుడిచి లేచింది.

"ఇంక రాకే అన్నా," అన్నాడతను. కోపం లేదు గొంతులో.

సరేనని లేచాను. దండం పెట్టడానికి అతని చేతులు కలవవు. నేనూ పెట్టకుండానే వచ్చేశాను.